పిల్లలు చదువుతుంటే వినేవాళ్లు కావాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ పత్రిక జిల్లా పేజీలో బడుల వార్తలు వదలకుండా చదివే పాఠకుణ్ణి. ఈ ఏడాది వాటిలో చాలా భాగం దాతలవే. ఒక సంఘం వాళ్లు నోట్‌బుక్కులు పంచారు, ఒకాయన తండ్రి జ్ఞాపకార్థం స్టీలు ప్లేట్లు ఇచ్చాడు, అమెరికాలో ఉన్న పూర్వ విద్యార్థులు బెంచీలు పంపారు. ఇచ్చినవాళ్లకు దండం పెట్టాల్సిందే. మా ఊరి బడిలోనూ అలా వచ్చిన నీళ్ల ఫిల్టరు ఉంది, బాగానే పనిచేస్తోంది. అయితే బడికి వచ్చి, ఓ మూల కూర్చుని, ఒక పిల్ల పాఠం చదువుతుంటే ఆఖరిదాకా విని వెళ్లిన మనిషి గురించి ఒక్క వార్త కూడా నాకు కనపడలేదు. నేను చేస్తున్నది ఆ పనే కాబట్టి రాస్తున్నాను. ఉత్తరం పొడుగైతే మీ ఇష్టమొచ్చినట్టు కత్తిరించండి గానీ, చివర్లో పద్ధతుల గురించి రాసిన ముక్క మాత్రం ఉంచండి.

నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. మాది ఆమదాలవలస దగ్గర పల్లెటూరు. సర్వీసంతా పాలకొండ, పాతపట్నం, కొత్తూరు, టెక్కలి రూట్ల మీదే గడిచింది. తెల్లారకముందే డిపోకి పోవడం, రాత్రి పొద్దుపోయాక ఇల్లు చేరడం, నైట్ హాల్ట్ పడితే అదీ లేదు. ఏ స్టేజీలో ఎవరు ఎక్కుతారో, ఎవరు చిల్లర లేదని పేచీ పెడతారో చెప్పగలను గానీ, మా వీధిలో మూడో ఇంటి పిల్లాడి పేరు అడిగితే తెలిసేది కాదు. రిటైరయ్యాక కొన్నాళ్లు టీవీ చూశాను. బీపీ పెరిగింది. చర్చా కార్యక్రమాలు చూడొద్దని డాక్టరు గారే చెప్పారు.

మా ప్రాథమిక పాఠశాల హెచ్చెం మేడమ్ ఒకప్పుడు నా బస్సులో రోజూ వచ్చే ప్యాసింజరు. ఆవిడే ఒకసారి సంతలో కనపడి, "ఖాళీగానే ఉన్నారు కదండీ, వారంలో ఒకటి రెండు పూటలు బడికి రాకూడదా" అన్నారు. వచ్చి ఏం చెయ్యాలంటే, "ఏమీ చెయ్యొద్దు, పిల్లలు చదువుతారు, మీరు వినండి చాలు" అన్నారు. ఆ మాట నాకు అప్పుడు సరిగా ఎక్కలేదు. వినడానికి మనిషెందుకు, టీచర్లున్నారు కదా అనుకున్నాను.

లెక్క వేసి చూస్తే తెలిసింది. మా బడిలో ఒకటి నుంచి ఐదు దాకా అయిదు తరగతులు, ఇద్దరు టీచర్లు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం అరవై మంది లోపు పిల్లలుంటే ఇద్దరు టీచర్లే. అంటే మా బడి చట్టప్రకారం సక్రమంగానే నడుస్తోంది. ఆ ఇద్దరిలో ఒకరికి ట్రైనింగో, చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగో పడితే అయిదు తరగతులూ ఒక్కరి నెత్తి మీదే. ఉన్న టైములో హాజరు యాప్‌లో ఎక్కించాలి, భోజనాల లెక్క ఎక్కించాలి, సిగ్నల్ లేకపోతే ఫోను పట్టుకుని గేటు దాకా నడవాలి. నలభై నిమిషాల తెలుగు పీరియడ్‌లో పాఠం చెప్పి, రాయించి, ఇరవై మంది చేత విడివిడిగా చదివించాలంటే ఒక్కొక్కరికి రెండు నిమిషాలు కూడా రావు. అందుకే అందరూ కలిసి గట్టిగా చదువుతారు. బయటినుంచి వింటే బడి మహా జోరుగా నడుస్తోందనిపిస్తుంది. ఆ గుంపు గొంతులో ఎవరు చదువుతున్నారో, ఎవరు పెదవులు కదుపుతున్నారో ఎవరికి తెలుస్తుంది?

ఇంటి దగ్గరైనా వినే దిక్కుందా అంటే, మా వైపు సంగతి మీకు తెలుసు. వయసులో ఉన్నవాళ్లు శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో బండెక్కి హైదరాబాదో, విజయవాడో, చెన్నయో భవనాల పనికి పోతారు. పిల్లలు అమ్మమ్మల దగ్గర, నానమ్మల దగ్గర ఉంటారు. ఆ ముసలమ్మలు పిల్లలకు లోటు చెయ్యరు. పింఛను వచ్చిన ఒకటో తారీఖున వీధిలో బిస్కెట్ పొట్లం లేని పిల్ల కనపడదు. కానీ పుస్తకం తెచ్చి ఎదురుగా పెడితే అది తిన్నగా ఉందో తిరగేసి ఉందో ఆమెకు తెలియదు. "సదువుకో నాయనా" అంటుంది, అంతే. మరి ఆ పిల్ల తప్పు చదివితే తప్పని చెప్పేదెవరు?

మొదట్లో మూడో తరగతి పాప ఒకతి వచ్చి కూర్చుంది. పాఠం గడగడా చదివేసింది. నేను సంబరపడిపోయాను. రెండోసారి చదవమంటే మళ్లీ అదే జోరు, కానీ కళ్లు మాత్రం పక్కన రబ్బరు కోసం కొట్టుకుంటున్న ఇద్దరి మీద ఉన్నాయి. అనుమానం వచ్చి, మూడో వరుసలో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేంటమ్మా అన్నాను. చెప్పలేదు. పేజీ మొదటికి పోయి, పెదవులతోనే మొదటినుంచి చదువుకుంటూ, వేలు జరుపుకుంటూ వచ్చి, నా వేలి దగ్గర ఆగి ఆ మాట చెప్పింది. పాఠం మొత్తం నోటికి వచ్చు. అక్షరం రాదు. వెనక్కిపోయి వెతికి తెచ్చుకుంటోంది. ఆ పిల్ల తెలివితక్కువదా చెప్పండి? రెండేళ్లుగా చదవడం రాకుండానే చదివినట్టు నెట్టుకొచ్చిందంటే మామూలు బుర్ర కాదు. ఆ సంగతి మేడమ్‌కి చెబితే ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ పాపకు అదే పాఠంలోని మాటల్ని చీటీల మీద విడివిడిగా రాసి, కలిపేసి ఇవ్వడం మొదలుపెట్టారు. ఇప్పుడు చదువుతోంది. మునుపటి జోరు లేదు, ఆగి ఆగి చదువుతోంది. నాకదే నచ్చింది.

నా పద్ధతి చెబుతాను, ఇందులో విద్యేమీ లేదు. వరండాలో చాప వేస్తారు. ముగ్గురు పిల్లల్ని పంపుతారు. ఒకరు చదువుతుంటే ఇద్దరు వాళ్ల పుస్తకంలో అదే పేజీ చూస్తుంటారు. మాట దగ్గర ఆగితే నేను వెంటనే అందివ్వను, మనసులో అయిదు లెక్కపెడతాను. చాలాసార్లు నాలుగు దగ్గరే పిల్లలు అందుకుంటారు. పక్కవాడు నోరు జారి చెప్పేస్తే వాడికి నెక్స్ట్ చాన్స్ కట్. నా దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. బస్సులో ప్రతి స్టేజీకీ టికెట్ల నంబర్లు లెక్క కాగితం మీద ఎక్కించిన అలవాటు ఊరికే పోదు కదా. ఎవరు చదివారు, ఏ పేజీ, ఎక్కడ ఆగారు, అంతే రాస్తాను. మార్కులు వెయ్యను. వారం చివర మేడమ్ ఆ పుస్తకం తిప్పి చూస్తారు. సగం మంది ఒకే చోట ఆగుతున్నారని కనపడితే సోమవారం దాన్ని బోర్డు మీద మళ్లీ చెబుతారు. అక్షరం కింద ఒత్తు వేరే అక్షరానిదైతే చాలామందికి చిక్కు. "అమ్మ" హాయిగా చదివేస్తారు, "రాత్రి" దగ్గర ఇబ్బంది పడతారు.

పుస్తకం అంటే మొహం చాటేసే నాలుగో తరగతి కుర్రాడొకడున్నాడు. వాడికి నేను బోర్డు మీద బస్సులు పోయే ఊళ్ల పేర్లు రాశాను. పాతపట్నం, హిరమండలం, సరుబుజ్జిలి, బత్తిలి. ఒక్కటి వదలకుండా చదివాడు. వాడి నానమ్మ ఊరు బత్తిలి, బస్సు మీది బోర్డు చూసే ఎక్కుతాడట. పాతపట్నం చదివినవాడికి ఒత్తులు రావని ఎలా అంటాం? అక్కణ్ణుంచి మెల్లగా పుస్తకంలోకి దింపాం.

బస్సు మాట వచ్చింది కాబట్టి లెక్కల సంగతీ చెప్పేస్తాను. తీసివేతలు పిల్లలకు పెద్ద టెన్షన్. 50లోంచి 37 తియ్యమంటే, సున్నాలోంచి ఏడు పోదు, పక్కింట్లో అప్పు తెచ్చుకో, ఇదంతా పరీక్షకు కావాలి, కాదనను. కానీ ఏ కండక్టరూ అలా చిల్లర ఇవ్వడు. 37 టికెట్టు, చేతిలో మూడు రూపాయలు పెడితే 40, ఇంకో పది పెడితే 50. ఇచ్చింది పదమూడు. పైకి లెక్కపెట్టుకుంటూ పోవడమే. చాప మీదే బస్సు పెట్టాం. ఉత్తుత్తి నోట్లు కత్తిరించాం, ఒకరు డ్రైవరు, ఒకరు కండక్టరు, మిగతావాళ్లు ప్యాసింజర్లు. రెండో రోజే ఆటకు అడ్డం పడింది. ఆడపిల్లలంతా ఒక్కటై, "మాకు ఫ్రీ, ఆధార్ ఉంది, జీరో టికెట్ కొట్టు తాతా" అన్నారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అని స్త్రీ శక్తి పథకం వచ్చింది కదా, వాళ్ల అమ్మమ్మలతో పోతూ అంతా చూస్తున్నారు. నా తీసివేతల లెక్క నిలువునా మునిగింది. ఆఖరికి బస్సును కిరాణా కొట్టు చేశాం. కొట్లో ఎవరికీ ఫ్రీ లేదు. ఇప్పుడు నాలుగో తరగతివాళ్లు చిల్లర చెప్పడంలో నాకంటే ఫాస్టు. అప్పు తెచ్చే పద్ధతి కూడా వచ్చి తీరాలని మేడమ్ పట్టుబట్టారు, అదీ నేర్పుతున్నారు. అది ఆవిడ పని, నేను వేలు పెట్టను.

ఈ మధ్య నన్ను ఊళ్లో పేరు పెట్టి పిలిచేవాళ్లు తగ్గిపోయారు. బడి పిల్లలు పెట్టిన "కండట్రు తాత" పేరే వాళ్ల నానమ్మలకూ అంటుకుంది. రామమందిరం అరుగు మీద కూర్చుంటే ఎవరో ఒకరు వచ్చి, "మా గుంట సదువుతున్నాదా బాబూ" అని అడుగుతారు. ఒకామె కొడుకు పంపిన ఫోను మెసేజీ చదివించుకోవడానికి వస్తుంది. నేను చదవను, ఆమె మనవరాలినే కూర్చోబెట్టి చదివిస్తాను. తండ్రి హైదరాబాదు నుంచి రాసిన మాటలు కూతురు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతుంటే ఆ ముసలామె మొహం చూడాలి. అంతకంటే మంచి పాఠ్యపుస్తకం ఏముంటుంది?

మధ్యాహ్నం బడిలో ఉండిపోతే వంట చేసే ఆమె ఊరుకోదు. రాగిజావ ఉన్న రోజైతే గ్లాసు నా చాప దగ్గరికే వచ్చేస్తుంది. పిల్లల వాటా నాకెందుకమ్మా అంటే, అడుగున మిగిలిందే అంటుంది. నెలకు మూడు వేల గౌరవ వేతనం మీద ఆమె అన్ని గిన్నెలు తోముతుంది. మా ఊళ్లో సన్మానం ఎవరికైనా చెయ్యాలంటే ముందు ఆమెకే చెయ్యాలని నా అభిప్రాయం, అడిగేవాళ్లు లేరనుకోండి.

ఐదో తరగతి పిల్లాడి తాత తప్పెటగుళ్లు ఆడతాడని నాకు ఈ బడి వల్లే తెలిసింది. ఆయన మా బస్సులోనే డప్పు రేకు సంచిలో పెట్టుకుని తిరిగేవాడట, లగేజీ టికెట్టు కొట్టానో లేదో గుర్తులేదు. ఒక శనివారం ఆయన్ని బడికి పిలిచాం. గుండెల మీద రేకు కట్టుకుని, కాళ్లకు గజ్జెలు కట్టుకుని, అంత వయసులో ఆయన ఎగురుతుంటే పిల్లలు నోళ్లు తెరుచుకుని చూశారు. పాటలో నాలుగు వరుసలు బోర్డు మీద రాసి చదివించాం. మనవడు అప్పటిదాకా తాత ఆటంటే క్లాసులో సిగ్గుపడేవాడు. ఇప్పుడు అదే గొప్ప. శ్రీకాకుళం జిల్లా పిల్లలకు వాళ్ల ఇంట్లో ఉన్న ఆట బడిలో చూపించడానికి ఇన్నేళ్లు పట్టిందా అని నాకు కొంచెం కోపం కూడా వచ్చింది.

ఇంకో సంగతి. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం, అది గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజు. ఆయన పుట్టిన పర్వతాలపేట మా వంశధార ఒడ్డునే ఉంది. సవర గిరిజన పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని, సొంత ఖర్చుతో బడులు పెట్టిన మనిషి ఆయన. అలాంటాయన పేరున జరిగే మీటింగుల్లో పెద్దలంతా మైకు పట్టుకుని మాట్లాడతారు, పిల్లలు ఎండలో నిలబడి చప్పట్లు కొడతారు. ఆ ఒక్క పూటైనా పెద్దలు కింద కూర్చుని, పిల్లల చేత చదివించుకుని వినొచ్చు కదా.

ఇక అసలు విషయానికి వస్తాను. ఒకసారి బడి చూడటానికి వచ్చిన అధికారి ఒకరు నన్ను చూసి, "ఈయన ఎవరు, ఏ ఆర్డరు మీద కూర్చున్నాడు" అని అడిగారు. అడగడం న్యాయమే. చిన్నపిల్లలున్న చోట ముక్కూ మొహం తెలియని మనిషి కూర్చుంటే అడక్కపోతేనే తప్పు. కానీ చూపించడానికి మా మేడమ్ దగ్గర కాగితం లేదు, పాపం బాగా కంగారు పడ్డారు. తర్వాత పాఠశాల యాజమాన్య కమిటీలో తీర్మానం రాయించాం. ఆ కమిటీ కూడా విద్యాహక్కు చట్టంలోదే, నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉంటారు, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. నన్ను రానివ్వాలో వద్దో చెప్పడానికి వాళ్లకంటే హక్కుదారులెవరు? కేంద్ర విద్యాశాఖ వారి విద్యాంజలి పోర్టల్ కూడా ఉంది, రిటైరైనవాళ్లు అందులో పేరు రాసుకుని బడిని ఎంచుకోవచ్చు. మా అబ్బాయి చేత నా పేరూ రాయించాను. అయితే పోర్టల్ తెరవడం రాని మనిషి కూడా చదువుతుంటే వినగలడు. అందుకే నేను కోరేదేమిటంటే, కమిటీ తీర్మానం ఉంటే చాలు, ఆధార్ నకలు, ఫోన్ నంబరు బడిలో ఇచ్చి ఊరివాళ్లు వారంలో కొన్ని గంటలు వచ్చి వినొచ్చని విద్యాశాఖ వారు రాష్ట్రమంతటికీ ఒక చిన్న ఉత్తర్వు ఇవ్వాలి. టీచర్లకు భయం పోతుంది.

ఆ ఉత్తర్వులో పద్ధతులు కూడా గట్టిగా రాయాలి. మేం పెట్టుకున్నవి ఇవీ. వచ్చినవాళ్లు వరండాలోనే, అందరికీ కనపడేలా కూర్చోవాలి, తలుపు మూసిన గదిలో పిల్లలతో ఒంటరిగా ఉండకూడదు. మగవాళ్లయినా ఆడవాళ్లయినా ఇదే రూలు, నాక్కూడా. పిల్లల మీద చెయ్యి చేసుకోకూడదు, మొద్దు అనే మాట నోట్లోంచి రాకూడదు. ఫొటోలు, రీల్సు పూర్తిగా బంద్. కులం, పార్టీ, దేవుడు, ఈ మూడూ గేటు బయట చెప్పులతో పాటు విడవాలి. పిల్ల ఇంట్లో కష్టం ఏదైనా చెప్పుకుంటే టీచరుకే చెప్పాలి, అరుగు మీద కాదు. ఈ ఆఖరిది మా ఊళ్లో అన్నిటికంటే కష్టం, రాసి పెట్టుకోండి.

మరొక మాట స్పష్టంగా చెప్పాలి. మేం టీచర్లం కాదు. పాఠం చెప్పడం ట్రైనింగ్ అయినవాళ్ల పని. ఊరివాళ్లు వస్తున్నారు కదా అని ఎక్కడైనా టీచరు పోస్టు ఖాళీగా ఉంచితే, అలాంటి చోట మాలాంటివాళ్లు వెళ్లకపోవడమే మంచిది. అయిదు తరగతులకు అయిదుగురు టీచర్లు ఉండాలని అడగడం మానకూడదు. నేను కమిటీ మీటింగులో అడుగుతూనే ఉన్నాను, మినిట్స్‌లో రాయిస్తున్నాను.

ఈ పని ఎవరు చెయ్యగలరని అడుగుతారేమో. తెలుగు చదవడం వచ్చి, అయిదు లెక్కపెట్టే ఓపిక ఉంటే చాలు. పదో తరగతి ఫెయిలైన వాళ్లయినా ఫర్వాలేదు. ఉపన్యాసం ఇచ్చే అలవాటున్నవాళ్లు మాత్రం దయచేసి వద్దు. మా బడికి అలాంటి పెద్దమనిషి ఒకరు వచ్చి జీవితంలో పైకి రావడం ఎలాగో ముప్పావుగంట చెప్పారు. ఒకటో తరగతివాళ్లు ఇద్దరు నా ఒళ్లోనే నిద్రపోయారు.

మా ఊళ్లో రిటైరైన పోస్ట్‌మాన్ ఒకాయన, ఇంటర్ చదివి టైలరింగ్ చేసుకుంటున్న ఒక కోడలుపిల్ల సంక్రాంతి సెలవులయ్యాక వస్తామన్నారు. తీర్మానంలో ఇద్దరి పేర్లూ ఎక్కించాం. ఆ అమ్మాయికి మధ్యాహ్నం రెండు దాటితేనే తీరుతుందట, అప్పుడు పిల్లలకు ఆటల పీరియడ్. ఆటలు తీసేస్తే పిల్లలు నన్ను ఊళ్లో తిరగనివ్వరు కాబట్టి, టైమ్‌టేబుల్లో ఎక్కడ సర్దాలా అని మేడమ్ చూస్తున్నారు.

నా పేరు వెయ్యకండి. ఊళ్లోవాళ్లకు ఎలాగూ తెలుస్తుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్టీసీ కండక్టరు,
ఆమదాలవలస మండలం, శ్రీకాకుళం జిల్లా